అర్ధశక్తి వ్యాయామము – సైన్యపరీక్షకు దండీలు తీయు యువకులకు కొన్ని సూచనలు

తెల్లవారుజామున అయిదు గంటలకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో ఏ బడి మైదానము వైపు వెళ్లినను పదిమంది యువకులు పరుగెత్తుచు, దండీలు తీయుచు కనబడుదురు. వారిలో మరమగ్గముల కార్మికుల బిడ్డలున్నారు, బీడీలు చుట్టు తల్లుల బిడ్డలున్నారు, తండ్రి గల్ఫ్ దేశములలో నుండగా తాతగారింట పెరిగినవారున్నారు. సైన్యములోనో, నౌకాదళములోనో, వాయుసేనలోనో చేరవలెనన్నది వారి కోరిక. ఆ కోరిక శ్లాఘనీయము. అయితే శరీరమును సిద్ధపరచు క్రమము తెలియక పోవుటచే ఆరోగ్యమును చెడగొట్టుకొనువారు ఏటేట నా వైద్యశాలకు వచ్చుచునే యున్నారు. ఆ కారణము చేతనే ఈ వ్యాసము.

రెండేండ్ల క్రిందట ఒక వేసవి సాయంకాలము సిరిసిల్లకు చెందిన మరమగ్గముల కార్మికుడొకరు పదునెనిమిదేండ్ల కుమారుని వెంటబెట్టుకొని వచ్చినారు. పిల్లవాని రెండు చేతులును మోచేతి పైభాగమున వాచి, రాయివలె బిగిసియున్నవి. చొక్కా గుండీ కూడ తాను పెట్టుకొనలేకపోవుచున్నాడు.

“అయ్యగారూ, మంచి తైలం ఇయ్యుండ్రి. పట్టిస్తే తగ్గుతది” అని తండ్రి అడిగినారు.

“ఎన్ని దండీలు తీసినవు బిడ్డా?” అని పిల్లవానిని అడిగితిని.

“మూడు వందలు తీసిన అయ్యగారూ. దోస్తులతోని పందెం పడ్డది.”

రెండు నెలలుగా వ్యాయామము మానియున్నవాడు ఒక్కనాడు ఎండలో మూడు వందలు తీసినాడు! “మూత్రము ఏ రంగున వచ్చుచున్నది?” అని అడుగగా కొంచెము సిగ్గుపడి, “పాలు లేని చాయ్ లెక్క వస్తుంది” అన్నాడు. నేను తైలపు సీసా ముట్టలేదు. ఆలస్యము చేయక పెద్ద ఆసుపత్రికి తీసికొనిపొమ్మని చెప్పి పంపితిని. అతిశ్రమ చేత కండరముల తంతువులు చిట్లి, వాటిలోని పదార్థములు రక్తములో కలిసి మూత్రపిండములకు అడ్డుపడుచున్నవని అక్కడి వైద్యులు నిర్ధారించినారు. అయిదు దినములు సెలైన్ ఎక్కించిన పిమ్మట పిల్లవాడు కోలుకొన్నాడు. ఇంకొక రెండు దినములు ఆలస్యమైనచో ఏమగునో చెప్పనక్కరలేదు.

ఆ తండ్రి అడిగిన తైలము మంచిదే. కాని అది ఆ వేళకు తగినది కాదు. వైద్యమునకు వలెనే వ్యాయామమునకును కాలము, మాత్ర, పాత్రత అనునవి కలవు.

పరీక్షలో అడుగునదేమి?

ముందుగా ఏ పరీక్షకు సిద్ధపడుచున్నామో తెలియవలెను. మన పిల్లలలో చాలమంది అన్ని పరీక్షలలోను దండీలే అడుగుదురని తలచుచున్నారు. పదాతిదళములో చేరుటకు జరుగు అగ్నివీర్ ర్యాలీలో పుషప్‌లు లేవు. అక్కడ 1.6 కిలోమీటర్ల పరుగు, కడ్డీ పట్టుకొని గడ్డము పైకి వచ్చునట్లు శరీరమును లేపుట, తొమ్మిది అడుగుల కందకము దాటుట, వంకరటింకర దూలముపై నడచుట ఉండును. కడ్డీపై 10 సార్లు లేచినవారికి 40 మార్కులు. తెలంగాణలోని 33 జిల్లాల యువకులకు 2024 డిసెంబరులో హైదరాబాదు గచ్చిబౌలి మైదానమున జరిగిన ర్యాలీ ఇట్టిదే.

పుషప్‌లు అడుగునది వాయుసేన, నౌకాదళములు. వాయుసేన అగ్నివీర్ ప్రకటనలలో పురుషులకు 1.6 కిలోమీటర్ల పరుగు ముగిసిన తరువాత 10 నిమిషముల విరామమిచ్చి, ఒక నిమిషములో 10 పుషప్‌లు, ఆపై రెండేసి నిమిషముల విరామముతో ఒక నిమిషములో 10 సిటప్‌లు, ఒక నిమిషములో 20 బస్కీలు అడిగినారు. నౌకాదళములో కూడ పరుగు, బస్కీలతోపాటు పుషప్‌లు కలవు. ఎన్.డి.ఏ. ప్రకటనలో అభ్యర్థులు 20 పుషప్‌లు, 20 సిటప్‌లు, 8 సార్లు కడ్డీపై లేచుట అభ్యసించి రావలెనని సూచించుచున్నారు. ఈ సంఖ్యలు మారుచుండును గనుక ఏ సంవత్సరపు ప్రకటనను ఆ సంవత్సరము స్వయముగా చదువుకొనవలెను.

గమనించినారా? అడుగుచున్నది పది, పదిహేను, ఇరువది మాత్రమే. మూడు వందలు ఎవరును అడుగుటలేదు. వారికి కావలసినది పరుగెత్తి అలసిన శరీరముతో తప్పు లేకుండ చేసిన పది.

బలము మూడు విధములు

చరకాచార్యులు బలమును మూడు విధములుగా విభజించినారు. పుట్టుకతో వచ్చునది సహజబలము. ఋతువును, వయస్సును బట్టి కలుగునది కాలజబలము. తగిన ఆహారము చేతను, వ్యాయామము చేతను సంపాదించునది యుక్తికృతబలము. మేనమామ పొడుగరియనియు, పక్కింటి పిల్లవాడు పుట్టుబలశాలియనియు దిగులుపడుట వ్యర్థము. సహజబలము మన చేతిలో లేదు. పదునేడు మొదలు ఇరువది రెండేండ్ల వయస్సు కాలజబలమునకు మంచి కాలము. మిగిలినది యుక్తి. ఈ వ్యాసమంతయు ఆ మూడవ బలమును గురించినదే.

వ్యాయామము వలన శరీరమునకు తేలికదనము, పనిచేయు శక్తి, స్థిరత్వము, కష్టమును ఓర్చుకొను గుణము, జఠరాగ్నికి దీప్తి కలుగునని శాస్త్రము. అదే వ్యాయామము మితిమీరినచో దప్పిక, క్షయము, ఆయాసము, రక్తపిత్తము, దగ్గు, జ్వరము, వాంతి కలుగునని కూడ అదే శాస్త్రము చెప్పినది. తన శక్తికి మించి శ్రమించువాడు ఏనుగును ఈడ్వబోయిన సింహమువలె నశించునని వాగ్భటుని హెచ్చరిక. సింహమునకు బలము లేకకాదు, మాత్ర తెలియక.

అర్ధశక్తి యనగా నేమి?

సుశ్రుతుడును, వాగ్భటుడును బలవంతుడైన వాడు సైతము తన శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయవలెనన్నారు. గుర్తు కూడ చెప్పినారు. హృదయమునందలి వాయువు నోటికి వచ్చునప్పుడు, అనగా ముక్కుతో శ్వాస చాలక నోరు తెరువవలసి వచ్చినప్పుడు, అర్ధశక్తి అయినట్లు. నుదుట, ముక్కుపై, చంకలలో చెమట పట్టుటయు గుర్తే. శాస్త్రములో చెప్పినది ఈ లక్షణమే గాని అంకె కాదు. నేటి పిల్లలకు లెక్క సులభము గనుక నేను ఒక లెక్క చెప్పుచుందును: ఒక్క ఊపున తప్పు లేకుండ నీవు తీయగల దండీలెన్నియో చూచుకొని, అందులో సగమును ఒక వంతుగా పెట్టుకొనుము.

కొందరు శిక్షకులు నేలపై పడిపోవు వరకు తీయవలెనందురు. శక్తి పూర్తిగా ఉడుగక ముందే ఆపినను బలము వృద్ధియగునని నేటి వ్యాయామశాస్త్రజ్ఞులును అంగీకరించుచున్నారు. మొదటి రెండు మూడు వారములలో సంఖ్య పెరుగుట కండ పెరిగినందున కాదు, నాడులు ఆ కదలికను నేర్చుకొన్నందున. అలసి, వంకరగా తీసిన దండీలు నాడులకు వంకరనే నేర్పును.

సరియైన తీరు

మన తాలీములలో పెద్దలు నేర్పిన దండీ వేరు, పరీక్షలోని పుషప్ వేరు. తాలీము దండీలో నడుము పైకెత్తి, ఛాతీని నేల మీదుగా పాకించి, తల పైకి లేపుదురు. అది వెన్నునకు, భుజములకు మంచి వ్యాయామమే. పరీక్షలో అట్లు చేసినచో లెక్కకు రాదు. తల మొదలు మడమల వరకు శరీరము పలకవలె నిలువుగా నుండవలెను. అరచేతులు భుజముల కంటె కొంచెము వెడల్పుగా ఆన్చవలెను. మోచేతులు రెక్కలవలె పక్కలకు విచ్చుకొనక, ఏటవాలుగా వెనుకకు వంగవలెను. ఛాతీ నేలకు చేరువగా దిగి, చేతులు పూర్తిగా చాచి లేచిన తరువాతనే ఒకటి. దిగునప్పుడు శ్వాస పీల్చి, లేచునప్పుడు విడువవలెను. శ్వాస బిగబట్టరాదు.

ఈ భంగిమలో శరీరభారములో సుమారు మూడింట రెండు వంతులు చేతులపై పడును. 60 కిలోల పిల్లవాడు ఒక్కొక్కసారి 40 కిలోలు ఎత్తుచున్నట్లు లెక్క. మగ్గము వద్ద గంటల తరబడి నిలుచువారికి కాళ్లు గట్టిపడియుండును గాని ఛాతీ, భుజములు అంత గట్టిపడవు. అట్టివారు ఒక్కటి కూడ తీయలేకపోయినచో సిగ్గుపడనక్కరలేదు. మొదట గోడకు చేతులానించి, తరువాత ఇంటి ముందరి అరుగుపై, ఆపై మెట్టుపై, చివరకు నేలపై అభ్యసించవలెను. అరుగుపై సుఖముగా 15 తీయగలిగిన నాడు ఒక మెట్టు క్రిందికి దిగవచ్చును.

ఎనిమిది వారముల క్రమము

వారమునకు మూడు దినములు, దినము విడిచి దినము చేసినచో చాలును. కండలు పెరుగునది విశ్రాంతిలోనే.

మొదటి, రెండవ వారములు: ఒక్క ఊపున 8 తీయగలవాడు 4 చొప్పున నాలుగు వంతులు తీయవలెను. వంతునకు వంతునకు నడుమ రెండు నిమిషములు ఆగవలెను. మొత్తము 16.

మూడవ, నాలుగవ వారములు: తిరిగి పరీక్షించుకొని, 12కు చేరియున్నచో 6 చొప్పున అయిదు వంతులు. మొత్తము 30.

అయిదవ, ఆరవ వారములు: 16కు చేరియున్నచో 8 చొప్పున అయిదు వంతులు. ఇందులో ఒక వంతును మెల్లగా, మూడు అంకెలు లెక్కించుచు దిగవలెను. కడుపు, నడుము గట్టిపడుటకు మోచేతులపై శరీరమును నిలువుగా ఆపి, అర నిమిషము చొప్పున మూడుసార్లు ఉండవలెను.

ఏడవ వారము: వారములో ఒకనాడు 1.6 కిలోమీటర్లు పరుగెత్తి, 10 నిమిషములు ఆగి, ఒక నిమిషములో ఎన్ని తీయగలరో మిత్రునిచే లెక్కింపించుకొనవలెను. తప్పుగా తీసినవి లెక్కింపవద్దని ఆ మిత్రునికి చెప్పవలెను.

ఎనిమిదవ వారము: సగమునకు తగ్గించవలెను. పరీక్షకు మూడు నాలుగు దినముల ముందు కఠినాభ్యాసము ఆపివేయవలెను.

సంఖ్య పెరుగని వారు ముందుకు దుముకక, ఉన్న మెట్టుననే ఇంకొక వారము నిలువవలెను. ఆడపిల్లలకును ఇదే క్రమము. వారు ముందుగా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకొనుట మేలు. రక్తహీనత ఉన్నచో ఎంత అభ్యసించినను ఆయాసము తగ్గదు.

ఋతువు, వేళ

హేమంత, శిశిర, వసంత ఋతువులు వ్యాయామమునకు అనుకూలములు. గ్రీష్మమున బలము తగ్గియుండును గనుక వ్యాయామమును తగ్గించుమని శాస్త్రాజ్ఞ. మన ప్రాంతపు వేసవిలో ఎండ 45 డిగ్రీలను తాకుట వింతకాదు. ఆ దినములలో సూర్యోదయమునకు ముందే ముగించవలెను. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, నిమ్మరసము త్రాగుచుండవలెను. రాత్రిపాళి మగ్గము నడిపి వచ్చినవారు నిద్రపోయి లేచిన తరువాతనే అభ్యసించవలెను. నిద్ర లేని శరీరమున వాతము ప్రకోపించి, కీళ్ల నొప్పులు త్వరగా వచ్చును. భోజనమైన వెంటనే, అజీర్ణముతో, జ్వరముతో వ్యాయామము కూడదు.

అభ్యంగనము

నువ్వులకు మన ప్రాంతము పేరుగాంచినది. జగిత్యాల ప్రక్కనున్న పొలాస పరిశోధన స్థానములో నువ్వుల మేలు వంగడములు రూపొందినవి. ఇంత చేరువలో ఔషధమును పెట్టుకొని, ఖరీదైన పూతలకు పరుగెత్తనేల? గానుగ నువ్వులనూనెను గోరువెచ్చగా చేసి, వారమునకు రెండు మూడు సార్లు భుజములకు, ఛాతీకి, మోచేతులకు, మణికట్లకు, పిక్కలకు పావుగంట మర్దించి, అరగంట తరువాత పెసరపిండితో వేడినీటి స్నానము చేయవలెను. నొప్పి ఎక్కువగా నున్నవారికి మహానారాయణ తైలము, బలాతైలము ఉపయోగపడును. జ్వరము, అజీర్ణము, ఎక్కువ కఫము ఉన్నప్పుడు అభ్యంగనము కూడదు. వాచి ఎర్రబడి వేడిగా నున్నచోట బలముగా రుద్దరాదు.

ఆహారము

స్నిగ్ధమైన ఆహారము భుజించువారికే వ్యాయామము హితమని వాగ్భటుడు చెప్పినాడు. టీ, బిస్కట్టుతో దినము గడుపువారికి కాదు. బలము కోరు పిల్లవానికి శరీరబరువు కిలో ఒక్కింటికి దినమునకు సుమారు 1.2 నుండి 1.6 గ్రాముల మాంసకృత్తులు కావలెను. 60 కిలోల వానికి 72 మొదలు 96 గ్రాములు. ఇందుకు వేల రూపాయల డబ్బాపొడి అక్కరలేదు. లెక్క చూడుడు:

మొలకెత్తిన పెసలు లేదా ఉడికించిన గుడాలు (ఎండు గింజలు 50 గ్రాములు) – 12 గ్రాములు. పల్లీలు 50 గ్రాములు – 12. అర లీటరు పాలు లేదా పెరుగు – 16. కందిపప్పు 50 గ్రాములు – 11. జొన్నపిండి 200 గ్రాములతో చేసిన రొట్టెలు – 20. మొత్తము 71. గ్రుడ్లు తినువారికి రెండు గ్రుడ్లతో 83.

వీటితోపాటు నువ్వుల లడ్డు ఒకటి, కాలమునకు దొరకు పండు, ఆకుకూర. చలికాలమున మినుపసున్ని ఉండలు మంచివి. జఠరాగ్ని మందముగా నున్నవారు మినుములు తగ్గించి, పెసలు వాడవలెను.

అశ్వగంధ చూర్ణము 2 మొదలు 3 గ్రాములు రాత్రి పాలతో తీసికొనుట బలకరము. అయితే థైరాయిడ్, కాలేయ వ్యాధులున్నవారు, ఇతర మందులు వాడువారు వైద్యుని అడుగక వాడరాదు. ఏ చూర్ణమును వ్యాయామమునకు బదులు కాదు. అశ్వగంధ తిని పడుకొన్నవానికి అశ్వబలము రాదు.

చేయరాని పనులు

“శక్తి ఇంజక్షన్లు”, పేరు లేని పొడులు ముట్టరాదు. వీటిలో స్టీరాయిడ్‌లు కలుపువారున్నారు. “మూలికల మందు” అని చెప్పినంత మాత్రమున నమ్మరాదు. చీటీ లేని డబ్బా, తయారీదారు పేరు లేని పొట్లము ఇంటికి తేరాదు. నొప్పి తెలియకుండుటకు మాత్రలు మ్రింగి పరుగెత్తుట మూత్రపిండములకు ప్రమాదము. బరువు తగ్గవలెనని నీళ్లు మానుట అంతకంటె ప్రమాదము.

క్రింది లక్షణములలో ఏ ఒక్కటి కనబడినను గృహవైద్యముతో కాలయాపన చేయక ఆసుపత్రికి వెళ్లవలెను: మూత్రము నల్లని టీ రంగున వచ్చుట, కండలు వాచి బిగిసి చేయి వంగకుండుట, వ్యాయామములో ఛాతీనొప్పి, స్పృహ తప్పుట, ఎండలో శ్రమించి మాట తడబడుట. గజ్జలలో ఉబ్బు కనబడినవారు శస్త్రవైద్యునికి చూపించవలెను. చిన్నవయస్సులో హఠాత్తుగా మరణించినవారు ఇంటిలో నున్నచో, ఆ పిల్లలు శిక్షణకు ముందే గుండె పరీక్ష చేయించుకొనవలెను.

పరీక్షనాడు

ముందురాత్రి త్వరగా పడుకొనవలెను. పరీక్షకు రెండు మూడు గంటల ముందు ఇడ్లీలో, అరటిపండో, ఇంటిలో అలవాటైన తేలిక ఆహారమేదో తినవలెను. ఆనాడు క్రొత్త ఆహారము గాని, క్రొత్త మందు గాని వలదు. పరుగు ముగిసిన పది నిమిషములలో కూలబడక మెల్లగా నడచుచు, ముక్కుతో దీర్ఘముగా శ్వాసించవలెను. మొదటి పుషప్‌ను తొందరపడక సరిగా తీసినచో మిగిలినవి దాని వెంటనే వచ్చును. పదింటికి నిమిషము చాలినంత కాలమే.

తల్లిదండ్రులకు ఒక మాట

ఆసుపత్రినుండి వచ్చిన ఆ పిల్లవాడు వైద్యుల అనుమతితో రెండున్నర నెలల తరువాత అరుగుపై నాలుగు దండీలతో తిరిగి మొదలుపెట్టినాడు. మొదట్లో దోస్తులు నవ్వినారట. మరుసటి సంవత్సరము నేలపై 30 నిలుకడగా తీయుచు నాకు చూపించినాడు. ఎంపిక యగుట, కాకపోవుట అతని చేతిలో లేదు, నా చేతిలోను లేదు. చూపు, ఎత్తు, దంతములు, వ్రాతపరీక్ష, పోటీ – ఎన్నియో కలవు. ఆ విషయము తండ్రికి కూడ చెప్పితిని. “పోరడు మంచిగుంటే చాలు అయ్యగారూ. నౌకరీ ఇది కాకపోతే ఇంకోటి” అన్నారాయన.

కొండగట్టు అంజన్న దీక్ష పట్టు పిల్లలు మన ఇండ్లలో ఎందరో కలరు. ఆంజనేయుడు బలమునకే గాక ఇంద్రియనిగ్రహమునకును దేవుడు. ఎంత ఎగురవలెనో తెలిసినవాడు గనుకనే సముద్రమును దాటినాడు. మీ బిడ్డ ఈ దినము ఎన్ని తీసినాడని అడుగుటతోపాటు, ఎక్కడ ఆపినాడని కూడ అడుగుచుండుడు.